కృపకు రేటు కట్టకండి

మనిషి తన మంచితనం వల్లనో, తాను చేసిన పూజల వల్లనో, ఇచ్చిన కానుకల వల్లనో రక్షణ పొందడు, కేవలం దేవుడి కృప వల్లనే పొందుతాడు అంటుంది క్రైస్తవం. నేను పుట్టి పెరిగిన లూథరన్ సంఘానికి ఈ మాటే పునాది. ఈ మాట మీదే నిలబడ్డామని చెప్పుకునే మా క్రైస్తవ సమాజంలో ఇప్పుడు కృపకు ధర పలుకుతోంది. ఎవరో బయటివాళ్లు వేలెత్తి చూపేదాకా ఆగకుండా మనమే మాట్లాడుకోవాలని ఇది రాస్తున్నాను.

కార్వేటినగరం నుంచి పుత్తూరుకు బస్సులో పోతుంటే గోడల మీద స్వస్థత కూటాల పోస్టర్లు కనిపిస్తాయి. కొన్నింటి కింద ఫోన్‌పే నంబరు కూడా ఉంటుంది. ప్రార్థన నూనె సీసాకు ఒక ధర. పేరు చదివి ప్రార్థించడానికి ఒక కానుక. ‘విత్తనం’ ఎంత వేస్తే పంట అంత అని ఒక లెక్క. పాస్టర్లందరూ ఇలాగే ఉన్నారని నేను అనను. సైకిల్ మీద పల్లెపల్లె తిరిగి, పెట్టిన సంగటి తిని, ఏమీ అడక్కుండా ప్రార్థన చేసి వెళ్లిన పాస్టర్లను చూస్తూ పెరిగినదాన్ని. అటువంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పోస్టర్ల మీద వాళ్ల పేర్లు ఉండవు.

మా వీధిలో ఒకామె ఉంది. కూతురికి పెళ్లై ఏళ్లు గడిచినా కడుపు పండలేదని కమ్మలు కుదువబెట్టి అలాంటి ఒక కూటంలో కానుక వేసింది. ఏడాది తిరిగింది. ఏమీ జరగలేదు. మళ్లీ పోయి అడిగితే, నీ విశ్వాసం చాలలేదమ్మా అన్నారట. ఆమె నా దగ్గరికి వచ్చి, “టీచరమ్మా, నమ్మకం ఇంకా ఎట్లా పెంచుకోవాలో చెప్పు, నువ్వు చదువుకున్నదానివి గదా” అని అడిగింది. కమ్మలు పోతే కష్టపడి మళ్లీ చేయించుకోవచ్చు. ఆమె గుండెలో పెట్టిన భారం అట్లా తీరేది కాదు. తన బిడ్డకు బిడ్డలు లేకపోవడానికి తన నమ్మకం తక్కువ కావడమే కారణమని ఆ తల్లి రాత్రింబవళ్లు కుమిలిపోతోంది. దేవుడి పేరు చెప్పి ఒక పేదరాలి మీద ఇంతకంటే బరువైనదేదీ మోపలేరు.

విశ్వాసం కూడా మనం సంపాదించి దేవుడికి చెల్లించే సొమ్ము అయిపోతే ఇక కృప ఎక్కడుంది? చిన్నప్పుడు మాకు మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి కంఠతా పట్టించారు. నా తెలివితో గానీ, నా బలంతో గానీ నేను క్రీస్తును నమ్మలేను, ఆ నమ్మకం పుట్టించేది కూడా పరిశుద్ధాత్మే అన్న అర్థం వచ్చే భాగం అందులో ఉంది. అప్పుడు అర్థం కాకుండానే అప్పజెప్పేదాన్ని. మా వీధి ఆమెకు జవాబు చెప్పవలసి వచ్చిన రోజున ఆ పాఠమే అక్కరకు వచ్చింది. “నీ నమ్మకం ఎంతుందో కొలిచే పని దేవుడు ఎవరికీ అప్పజెప్పలేదమ్మా” అన్నాను. సిద్ధాంతాలు పండితుల కోసం పుట్టాయని చాలామంది అనుకుంటారు. ఈ సిద్ధాంతం మాత్రం ఇట్లాంటి తల్లుల కోసమే పుట్టిందని నా నమ్మకం.

చరిత్ర చూసినా అంతే. 1517లో జర్మనీలో యోహాన్ టెట్‌జెల్ అనే సన్యాసి పాపశిక్ష తగ్గింపు పత్రాలు అమ్ముతూ తిరిగాడు. చచ్చిపోయిన అమ్మానాన్నల ఆత్మల కోసం కూడా కొనవచ్చని ప్రచారం. ఆ డబ్బులో సగం రోములో సెయింట్ పీటర్స్ దేవాలయం కట్టడానికి పోయేది. మిగతా సగం ఆల్బ్రెక్ట్ అనే ఆర్చిబిషప్ తన పదవి కోసం ఫుగ్గర్లనే వడ్డీ వ్యాపారుల దగ్గర చేసిన అప్పు తీర్చడానికి పోయేది. కొన్న రైతుకూ కూలివాడికీ ఈ లెక్క తెలియదు. ఆ ఏడాది అక్టోబరు 31న మార్టిన్ లూథర్ బయటపెట్టిన 95 వాదాలు ఈ వ్యాపారం మీద రాసినవే. అంతకుముందు ఆయన మఠంలో ఉపవాసాలతో, జాగారాలతో ఒళ్లు హూనం చేసుకున్నవాడు. ఎంత చేసినా చాలినట్టు అనిపించేది కాదు. బైబిల్లోని రోమా పత్రిక చదివి, దేవుడి నీతి మనల్ని తూచి శిక్షించే నీతి కాదు, మనకు ఉచితంగా ఇచ్చే నీతి అని గ్రహించాకే ఆయనకు ఊపిరాడింది. కొత్తగా ఆయన కనిపెట్టిందేమీ లేదు. పౌలు ఎఫెసు పత్రిక రెండో అధ్యాయంలో ఈ మాటే చెప్పాడు. అయిదో శతాబ్దంలో పెలాగియస్‌తో వాదించినప్పుడు అగస్టీను ఈ మాటే చెప్పాడు. అమ్మకం మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి దీన్ని మళ్లీ చెప్పవలసి వస్తోంది.

మా ప్రాంతానికి ఈ మాట జర్మన్ పల్లెటూరి మనుషుల నోట వచ్చింది. హెర్మన్స్‌బర్గ్ అనే ఊళ్లో లూద్విగ్ హార్మ్స్ అనే పాస్టరు 1849లో మిషనరీల బడి పెట్టి, రైతుల బిడ్డలకు శిక్షణ ఇచ్చి దేశదేశాలకు పంపాడు. ఆ మిషను తరఫున 1860ల నడుమ ఆగస్ట్ మిలియుస్ సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టాడు. అక్కడి నుంచి నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి దాకా అది పాకింది. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్లు వెళ్లిపోవలసి వస్తే అమెరికాలోని ఒహైయో లూథరన్లు అందుకున్నారు. ఈరోజు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం అట్లా ఏర్పడింది. పడమట మదనపల్లె వైపు పనిచేసిన ఆర్కాటు మిషను వాళ్లది అమెరికా రిఫార్మ్‌డ్ సంఘం. వాళ్లకూ కృపే మూలం.

ఆ కాలపు దళితవాడ మనిషికి కృప అన్న మాట ఎట్లా వినిపించి ఉంటుందో మా అవ్వను చూసి నేను తెలుసుకున్నాను. అవ్వకు అక్షరం రాదు. కయ్యల్లో నాట్లు, కలుపు, చెనక్కాయలు ఒలిచే పని. ఆమె బతుకులో ఊరికే వచ్చినది ఏదీ లేదు. కష్టపడితే కూలి, ఆ కూలికీ నాలుగుసార్లు తిరగాలి. నీళ్లకు ఎదురుచూడాలి, నీడకు ఎదురుచూడాలి. మద్రాసు రాష్ట్రంలో గుళ్ల తలుపులు అందరికీ తెరవాలన్న చట్టం వచ్చింది 1947లో. అప్పటికి ఆమె పెళ్లై బిడ్డల తల్లి. అటువంటి మనిషితో, నీ కులం అడగకుండా, నీ దగ్గర ఏముందని చూడకుండా, నువ్వు అడగకముందే దేవుడు నీకోసం ప్రాణం పెట్టాడు అంటే ఆ మాట ఆమె వెన్ను నిలబెట్టింది. తల ఎత్తి నడిచేది. పొగరు అనేవాళ్లు కొందరు.

మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల కథ ఉంది. యజమాని తెల్లవారగానే కొందరిని పనికి పిలుస్తాడు. తొమ్మిది గంటలకు కొందరిని, పన్నెండుకు కొందరిని, మూడుకు కొందరిని పిలుస్తాడు. పొద్దుగుంకడానికి గంట ముందు కూడా సంతవీధిలో నిలబడినవాళ్లను చూసి, మీరూ రండి అంటాడు. సాయంత్రం అందరికీ ఒకే కూలి ఇస్తాడు. పొద్దున్నుంచీ చేసినవాళ్లు సణుగుతారు. కృపను గురించి ఇంతకంటే గట్టి కథ బైబిల్లో లేదని నేననుకుంటాను. మా ఇంట్లో దీని మీద పెద్ద గొడవే జరిగేది.

నాయన బెల్లం గానుగల దగ్గర పనిచేసేవాడు. చెరుకు కాలంలో తెల్లవారుజాము నుంచి పొయ్యి ముందర మాడేవాడు. ఈ కథ ఆయనకు అసలు మింగుడు పడలేదు. “ఎండకు మాడినోడికీ, సాయంత్రం వచ్చి గంట సేపు గోకినోడికీ ఒకే కూలా? ఇదేం న్యాయమ్మా? రేపు పొద్దున్నే పనికెవడొస్తాడు?” అనేవాడు. అవ్వ ఊరుకునేది కాదు. “పొద్దన్నించీ నిలబడుకోని ఉన్నోడి కడుపు కడుపు గాదా? వాడింట్లో బిడ్డలు లేరా? వాణ్ని ఎవురూ పిలవకపోతే వాడేం జేస్తాడు?” అనేది.

ఆ తర్వాత ఈ కథ మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, వ్యాఖ్యానాలు చదివాను. అవ్వ చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు. కూలీల అడ్డా మీద చివరిదాకా మిగిలిపోయేది ఎవరు? ముసలివాళ్లు, కుంటివాళ్లు, నీరసంగా కనిపించేవాళ్లు, ఆ రోజు బిడ్డకు జ్వరం వచ్చి ఆలస్యమైన ఆడమనిషి. వాళ్లను సోమరులని అనడం పనికి పిలిపించుకున్నవాళ్లకు తేలిక. నిజానికి ఆ యజమాని ఎవరి కూలీ తగ్గించలేదు. ఒప్పుకున్నంత ఇచ్చాడు. మిగతావాళ్లకు ఆకలి చూసి ఇచ్చాడు. నాయన అడిగిన ప్రశ్న మాత్రం తప్పు ప్రశ్న కాదు. పనికి తగ్గ కూలి కోసం మనుషులు పోరాడవలసిందే, ఆ న్యాయం మనుషుల మధ్య ఉండవలసిందే. దేవుడి ముందర మాత్రం ఆ లెక్క తీస్తే మనలో ఎవరూ మిగలరని పౌలు అంటాడు, లూథర్ అంటాడు. నాయన కడపటి రోజుల్లో మంచం మీద ఉండి, పని చేయలేని మనిషిగా, ఆ కథను మళ్లీ చదవమని నన్ను అడిగాడు. చదివాను. ఈసారి వాదించలేదు.

మతం మార్పు గురించి మాట వస్తే మమ్మల్ని కూడుకోసం మారినవాళ్లని ఈసడించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు 1876-78 కరువు నాటి ఒంగోలు సంగతి చెప్పాలి. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూలికోసం దేవుడి పేరు చెప్పారన్న మాట రాకూడదని. కరువు పనులు ముగిశాకే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూలిని కూలిగా, కృపను కృపగా విడివిడిగా ఉంచిన మనిషి ఆయన. ఈరోజు నూనె సీసా పక్కన క్యూఆర్ కోడ్ పెట్టేవాళ్లు ఆ కరువు నాటి ఎడాన్ని చెరిపేస్తున్నారు. మమ్మల్ని ఈసడించేవాళ్లకు మాటలు అందిస్తున్నది కూడా వీళ్లే.

ఇది తెల్లవాళ్లు తెచ్చిన సిద్ధాంతమని, ఈ మట్టికి పరాయిదని కొందరంటారు. మా ఊరి సంగతి తెలిసినవాళ్లు అట్లా అనలేరు. కార్వేటినగరానికి వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి ప్రాణం. పదకర్త సారంగపాణి తన పదాలు ఆ వేణుగోపాలుడి మీదే పాడుకున్నాడు. నేను పనిచేసిన బడిలో తెలుగు పండితులు ఒకాయన శ్రీవైష్ణవులు. ఖాళీ పీరియడ్లో ఆయనా నేనూ ఈ విషయమే మాట్లాడుకునేవాళ్లం. శరణాగతి గురించి ఆయన చెప్పింది నాకు కొత్తగా అనిపించలేదు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లిపిల్లకు ఆ పని కూడా లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. జీవుడు కోతిపిల్లలా కొంతైనా పట్టుకోవాలా, పిల్లిపిల్లలా ఊరికే ఉంటే చాలా అని వడగలై, తెంగలై వైష్ణవులు తరాల తరబడి వాదించారు. జీవుడి వైపు నుంచి ఒక చిన్న నెపమైనా ఉండాలని వేదాంత దేశికులు, అదీ అక్కర్లేదని పిళ్లై లోకాచార్యులు. దేశికులు పరమపదించింది 1369లో. లూథర్ పుట్టింది 1483లో. ఎరాస్మస్ అనే పండితుడు, లూథర్ ఇద్దరూ మనిషి స్వేచ్ఛ గురించి 1524, 1525ల్లో పుస్తకాలు రాసి తగువులాడుకున్నప్పుడు, దాదాపు ఇదే తగువు కాంచీపురం, శ్రీరంగం వీధుల్లో ఎప్పుడో మొదలై ఉంది.

రెండూ ఒకటేనని నేను అనడం లేదు. మా బడి తెలుగు పండితులు కూడా అనలేదు. “మీకు ఆ సిలువ ఒకటి ఉంది టీచరమ్మా, దాని చుట్టూనే తిరుగుతారు” అనేవారు. నిజమే. క్రైస్తవుడికి కృప అంటే యెరూషలేము బయట ఒక శుక్రవారం నాడు జరిగిన పని. అది జరిగిపోయింది. మళ్లీ మనం పూర్తి చేయవలసింది ఏమీ మిగలలేదు. ఆ పూర్తయిన పనికి వాయిదాల మీద డబ్బు కట్టించుకోవడమే నాకు కడుపు మండే విషయం.

అయితే ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేను. అంతా ఉచితమైతే మంచిగా ఎందుకు బతకాలి? నన్ను ఇది అడిగినవాళ్లలో హిందువులు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు, మా సంఘం కుర్రవాళ్లూ ఉన్నారు. పౌలునే అడిగారు, రోమా పత్రిక ఆరో అధ్యాయం దీనితోనే మొదలవుతుంది. యాకోబు తన పత్రికలో క్రియలు లేని విశ్వాసం చచ్చినదని గట్టిగానే చెప్పాడు. లూథరన్ పాస్టరే అయిన డీట్రిష్ బోన్‌హోఫర్ 1937లో రాసిన పుస్తకంలో చవక కృప మీద విరుచుకుపడ్డాడు. ఉచితంగా వచ్చినదాన్ని చవకగా చూడకూడదని ఆయన బాధ. హిట్లర్‌ను ఎదిరించినందుకు 1945 ఏప్రిల్ 9న ఆయన్ను ఉరితీశారు.

మా వైపువాళ్లకు చెప్పాలంటే నేను పుత్తూరు కట్టునే చెబుతాను. కాలు విరిగినవాడు కట్టు కట్టించుకునేటప్పుడు చేసేది ఏమీ లేదు. ఎముక సరిచేసే చేయి వేరు. వాడు చేయవలసిందల్లా కదలకుండా ఉండడం, కదలకుండా ఉన్నందుకు ఎవరూ బిరుదు ఇవ్వరు. కట్టు విప్పాక మాత్రం నడవాలి. నయమైంది గనుకనే నడుస్తాడు, నడిచినందుకు నయం కాలేదు. మా అవ్వ పక్కింటి ముసలామెకు రోజూ గంజి పోసేది. స్వర్గానికి మార్కులు వేయించుకోవాలని కాదు. దేవుడు తనకు లెక్క చూడకుండా ఇచ్చాడు, తాను లెక్క చూస్తే సిగ్గుచేటని అనేది.

సంఘాల మధ్య ఈ విషయంలో ఉన్న పాత పగ కూడా చల్లారింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం కలిసి, మనిషి నీతిమంతుడయ్యేది కృప వల్లనే అని సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు చేరాయి. దాదాపు 500 ఏళ్లు కొట్టుకున్నవాళ్లు ఒప్పుకున్న మాటను మా పల్లెల్లో ప్రసంగించడానికి ఎవరికీ అడ్డంకి లేదు.

ఇంకొక మాట ఉంది, అది చేదైనది. కృప వల్లనే అయితే పుట్టుక వల్ల ఎవరికీ గొప్ప లేదు. మరి ఇది మాలల సంఘం, అది మాదిగల సంఘం అని ఎందుకు వేరుగా ఉన్నాయి? పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి బైబిలు మూసి కులం తెరవడం ఎందుకు? కొన్ని ఊళ్లలో క్రైస్తవుల శ్మశానంలోనూ కులానికో మూల ఎందుకుంది? ఒకే రొట్టె విరిచి తింటూ ఈ గీతలు కాపాడుకునేవాళ్లు కృప గురించి ప్రసంగించే హక్కు పోగొట్టుకుంటున్నారు. బయట అంటరానితనం అనుభవించినవాళ్లమే లోపల దాన్ని పోషించడం నేను క్షమించలేని తప్పు.

పాస్టరుకు జీతం ఉండాలి, గుడికి కరెంటు బిల్లు ఉంటుంది, పేదల కోసం నిధి ఉండాలి. వాటికి ఇవ్వడం మన బాధ్యత. లెక్క అడగడం కూడా బాధ్యతే. ప్రార్థనకు, నూనెకు, దీవెనకు, చేయి తలమీద పెట్టడానికి డబ్బు అడిగితే మాత్రం ఇవ్వకండి. నీ విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటే ఆ కూటం నుంచి లేచి రండి. జబ్బు చేస్తే ముందు ఆసుపత్రికి పొండి, ప్రార్థన ఎక్కడైనా చేసుకోవచ్చు. మా వీధి తల్లికి నేను చెప్పింది కూడా ఇదే. కూతుర్నీ అల్లుణ్నీ ఇద్దర్నీ తిరుపతిలో డాక్టరుకు చూపించమన్నాను.

పాస్టర్లకు, సంఘ పెద్దలకు ఒక్క విన్నపం. అక్టోబరు చివరి ఆదివారం మనం సంస్కరణ ఆదివారం జరుపుకుంటాం. లూథర్ పేరు తలుచుకుంటాం, పాటలు పాడుకుంటాం. ఈ ఏడాది ఆ ఒక్క ఆరాధనలో కానుక సంచి తిప్పకండి. ఎందుకు తిప్పడం లేదో జనానికి ప్రసంగ వేదిక మీద నుంచి చెప్పండి. బయట నిలబడి వినేవాళ్లను కూడా లోపలికి పిలవండి.